ఐదు దాటాక డబ్బు

ఓబిడోస్ దగ్గర అమెజాన్ సన్నబడుతుంది,
సన్నబడిన కొద్దీ లోతెక్కువ.
ఇక్కడ నదికి వంతెన లేదు, అందుకని
నేనా పోలిక వాడను.

ఇరవై రెండేళ్ళు నీలం బోర్డు బ్యాంకులో
గాజు పలక వెనక కూర్చున్నాను.
కూడలికి అటువైపు ఎర్ర బోర్డు.
మా మధ్య పోటీ అంటే
వాళ్ళ క్యాలెండరు మీద చర్చి, మా దాని మీద పడవ.
వాళ్ళ కాఫీలో పంచదార ఓ చెంచా ఎక్కువ.
అంతకు మించి ఒకరి కంచంలో ఒకరం
చెయ్యి పెట్టిన గుర్తు లేదు.

అవసరమేముంది?
శాంతారెంలో చేపల షావుకారు ఖాతా మా దగ్గర,
కాబట్టి అతనికి చేపలమ్మే వాల్డెనోరా కూడా మా దగ్గరే.
తమ్ముడికి ఎర్ర బ్యాంకులోకి పంపాలంటే
ఓ మోస్తరు చేప ఖరీదు మా రుసుము.
అదీ సాయంత్రం ఐదులోపు.
ఐదు దాటితే డబ్బు కూడా నిద్రపోతుందమ్మా అని
నేనే చెప్పేదాన్ని, నవ్వుతూ.
శుక్రవారమైతే సోమవారం దాకా నిద్ర.
ఆమె వేళ్ళనుంచి రాలిన పొలుసులు
నా కౌంటరు మీద ఎండి మెరిసేవి.
తుడిచేసేదాన్ని.

తర్వాత బ్రసీలియాలో
అన్ని బ్యాంకులకూ కలిపి ఒకే దారి వేశారు.
పెద్దవాళ్ళు రామంటే కుదరదన్నారు.
పిక్స్ అని పేరు.
మా మేనేజరు ఎవాండిర్ ఆ రోజు కేకు తెప్పించాడు:
"మనకేం, తెర మీద ఇంకో బొత్తాం."

వాల్డెనోరా నల్లచుక్కల చదరం ఒకటి లామినేట్ చేయించి
గాలపు తాడుతో తక్కెడకు కట్టింది.
డబ్బు ఆదివారం వచ్చింది. రాత్రి పదింటికి వచ్చింది.
కుండపోత వానలో, పడవ ఇంకా కట్టకముందే వచ్చింది.
ఏ బ్యాంకులోకి అని అడిగాను.
చెప్పింది. దానికి గుమ్మం లేదు,
కాపలావాడు లేడు, కాఫీ లేదు.
వడ్డీ ఉంది.

మార్చిలో పై ఆఫీసు ఉత్తరం:
చిన్న ఖాతాదారుల మనసు గెలవండి.
వాళ్ళకొక మనసుంటుందని
అంతకుముందు ఏ ఉత్తరంలోనూ లేదు.

ఎవాండిర్ బూట్లతో బురదలో దిగి
రేవులో నిలబడ్డాడు, తన ముందు నలుగురు.
మా బ్యాంకు ఒకరి దగ్గర వరసలో నిలబడడం
నేను చూసింది అప్పుడే.
వాల్డెనోరా తలెత్తలేదు. చేప కడుపు చీలుస్తూ అడిగింది:
"రాత్రి నా డబ్బు మీ దగ్గర పడుకుంటే
పొద్దున ఎంతై లేస్తుంది?"
ఆయన జేబులో పెన్నుంది, మా పేరు అచ్చేసిన పెన్ను.
తీసి, మళ్ళీ పెట్టేసుకున్నాడు.

నాకు సంతోషమైందనుకోకండి.
సెప్టెంబరులో శాఖ మూసేశారు.
ఏరు దాటి తెప్ప తగలేశారని ఎవర్ననాలి?
ఆ తెప్ప మీద ఇన్నాళ్ళూ
పది చేపలకు ఒకటి వసూలు చేసింది నేనే కదా.

దారి అందరిదీ, నిజమే.
గిడ్డంగులు ఇంకా ఆ నలుగురివే.
పడవ ఇంజనుకు అప్పు కావాలంటే
వాల్డెనోరా మళ్ళీ పెద్ద గుమ్మమే తొక్కాలి,
అదిప్పుడు శాంతారెంలో, నది మీద సగం రోజు.
ఒక మధ్యాహ్నం ఆ ఒక్క దారీ ఆగిపోతే
రేవు రేవంతా చేపలు చేత పట్టుకుని
ఫోన్లకేసి చూస్తూ నిలబడింది.
ఐసు కరిగింది.

నేనిప్పుడు రేవు మెట్ల దగ్గర టపియోకా అట్లు పోస్తాను.
నాకూ ఓ చదరం ఉంది, మూలన నూనె మరకతో.
గురువారాలు ముసలి ఒటాసిలియో వస్తాడు.
అక్షరం రాదు. అప్పట్లో గాజు కంతలోంచి
కార్డు తోసేవాడు, ఇప్పుడు పెనం మీదుగా ఫోను చాపుతాడు.
పింఛను ఎంత మిగిలిందో చదివి చెబుతాను.
ఎర్ర బ్యాంకు ఖాతా.
ఆయనకు చెవుడు, గట్టిగానే చదువుతాను.

ఐదవుతుంది. చెయ్యి దానంతటదే
లేని షట్టరు కోసం పైకి లేస్తుంది.
ఫోను మోగుతుంది:
రెండు అట్లు, పన్నెండు రెయాల్.